నీలంపేట దివాణంలో పియానో

నేను ఎస్సెల్సీ పరీక్షలు రాసిన ఏడు, వేసవి మొదట్లోనే మా నాన్న పియానో కొంటానన్నాడు. అంతవరకూ అందరికీ సంతోషమే. ఎక్కడ కొనాలి అన్న దగ్గరే మా ఇల్లు ఇల్లు కాకుండా పోయింది.

మాది విజయనగరం. నాన్న గంగరాజు పల్లెల్లో రైతుల దగ్గర గోగునార కొని జూటు మిల్లులకు వేసేవాడు. వీధివైపు నార కొట్టు, దాని వెనక పెంకుటిల్లు. ఒక లారీ కూడా ఉండేది. నన్ను మాత్రం మిషను వాళ్ళ ఆడపిల్లల బళ్ళో వేశాడు. అక్కడ ప్రార్థన హాల్లో ఒక పియానో ఉండేది. సంగీతం చెప్పే మిస్సమ్మ నా వేళ్ళు పొడుగ్గా ఉన్నాయని పిలిచి నేర్పింది.

బడి మూసే ముందు జరిగిన సభలో నేను వాయించాను. నాన్న మొదటి వరసలో కూర్చున్నాడు. ఆ పాటలో ఒకచోట పూర్తిగా ఆగి, ఊపిరి పీల్చుకుని, మెల్లగా మళ్ళీ అందుకోవాలి. నేను ఆగగానే అయిపోయిందనుకుని నాన్న లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఆయనొక్కడే. పక్కనున్న తాలూకాఫీసు గుమాస్తా వైపు తిరిగి, "మా గుంటేనండి, మా తాయారు!" అన్నాడు హాలంతా వినబడేటట్టు. వెనక వరసల్లో ఆడపిల్లలు కిసుక్కుమన్నారు. నా చెవులు కాలిపోయాయి. మిగతాది ఎలా వాయించానో నాకు తెలీదు.

తిరిగి వస్తుంటే రిక్షాలో అడిగాడు.

"బడి అయిపోనాది కదా. ఇంక ఆ పెట్టి ఎక్కడ వాయిస్తావే?"

"ఎక్కడా లేదు."

"అలగైతే మనవే కొనీద్దాం."

నేను మొహం తిప్పుకుని రోడ్డు చూస్తూ కూర్చున్నాను. ఆ చప్పట్ల సిగ్గు ఇంకా దిగలేదు. సంతోషం దాని వెనక నిలబడి ఉంది, ముందుకు రావడం లేదు.

మర్నాటి నుంచి మా ఇంట్లో అదే మాట. మా అమ్మ తమ్ముడు జగన్నాధం మావయ్య రైలు స్టేషన్లో గూడ్సు గుమాస్తా. ఆయన కలకత్తా అన్నాడు.

"హౌరా నుంచి మన స్టేషనుకి సరాసరి వచ్చీస్తాది బావా. దింపించేది నేనే. గీత పడనిస్తానా?"

"సూడకుండా కొంతారేట్రా? కూరకి వంకాయలైనా తిప్పి సూసి కొంతాం," అంది మా అమ్మ బుల్లమ్మ.

మిస్సమ్మ మద్రాసులో పెద్ద షాపులున్నాయని చెప్పి పంపింది. నాన్న ఒకరోజు కలకత్తా అనేవాడు, ఒకరోజు మద్రాసు అనేవాడు. మా మామ్మ, అంటే నాన్న తల్లి అసిరమ్మ, ఇవేవీ పట్టించుకునేది కాదు. పెరట్లో పీట వేసుకుని చింతపండు గింజలు తీస్తూ, "ఎక్కడ కొంతే ఏటి, మోత ఒకటే కదా," అనేది.

చివరికి మావయ్యే ఇంకో కబురు తెచ్చాడు. వాల్తేరు రైల్వే క్వార్టర్సులో రోజారియో అని ఒక గార్డు ఉద్యోగం వదిలేసి కుటుంబంతో ఆస్ట్రేలియా వెళ్ళిపోతున్నాడట. ఇంట్లో సామానంతా అమ్ముతున్నాడు, అందులో పియానో ఉంది.

నాన్న, నేను, మావయ్య వెళ్ళాం. రోజారియో దొరసాని మాకు టీ ఇచ్చింది. గది నిండా సగం కట్టిన పెట్టెలు. నాన్న టీ సాసర్లో పోసుకుని తాగి, లేచి పియానో చుట్టూ తిరిగాడు. కాళ్ళు కొట్టి చూశాడు. వంగి అడుగున చూశాడు. వెనక చెక్క మీద వేలి కణుపుతో టకటకా కొట్టి, "దీని కర్రేటి? టేకేనా? సెద పడతాదా?" అని అడిగాడు. దొరసానికి అర్థం కాక నా వైపు చూసింది. నేను ఇంగ్లీషులో చెప్పాలి. చెదపురుగుకి ఇంగ్లీషేమిటో గుర్తు రాలేదు. నేల చీలి నన్ను లోపలికి లాక్కుంటే బాగుండుననిపించింది.

"నువ్వు వాయించు," అన్నాడు నాన్న.

"మీరూ ఒకటి నొక్కి చూడండి సార్," అని దొరసాని వచ్చీరాని తెలుగులో నవ్వుతూ అంది.

నాన్న చేతులు రెండూ వెనక్కి పెట్టేసుకున్నాడు. "ఒద్దమ్మా. నాకెందుకు?" అన్నాడు. చెక్కంతా తడిమిన మనిషి, వేళ్ళతో నొక్కే ఆ తెల్లటి మెట్లు మాత్రం ముట్టుకోలేదు.

నేను వాయించాను. మంచి పియానో. మా బళ్ళో దానికంటే లోతైన గొంతు. దొరసాని కిటికీ వైపు తిరిగి నిలబడింది. వాళ్ళ అమ్మాయి వాయించేదట, ముందే వెళ్ళిపోయిందట. బేరం కుదిరినట్టే అయింది. వచ్చే వారం లారీతో వస్తామని చెప్పి రైలెక్కాం. దారిలో నేను నాన్నతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆయన అది గమనించలేదు. "బాగా వాయించినావే," అని మాత్రం రెండుమూడు సార్లు అన్నాడు.

ఆ వారం లోపల్నే కొట్టుకి నార వేసుకొచ్చిన రైతొకడు, నీలంపేట దివాణంలో వస్తువులు అమ్మేస్తున్నారని చెప్పాడు. రాజాం దాటి లోపలికి వెళితే ఉంటుందా ఊరు. నాన్న పుట్టిన ఊరూ అదే. జమీందారీలు పోయాక దివాణం పాడుబడింది. జమీందారు భార్య పెద్దమ్మగారొక్కరే ఉంటున్నారు. అద్దాలు, దీపపు గుత్తులు, కుర్చీలు పోయాయి. పియానో ఒకటి మిగిలి ఉందట.

నాన్న అన్నం ముందు కూర్చుని, కలపకుండా, "వాల్తేరు ఒద్దు. నీలంపేట ఎల్తాం," అన్నాడు.

"అదేం నాన్నా? వాల్తేరుది బాగుంది కదా?"

"నీలంపేటే."

"అది ఎప్పటిదో! పలుకుతుందో లేదో!"

"పలక్కపోతే పోనీ."

అప్పుడు మామ్మ పెరటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె నోట పియానో గురించి మొదటిసారి ఒక సలహా వచ్చింది.

"అక్కడికెందుకురా? కలకత్తా నుంచి తెప్పించు."

మావయ్య నవ్వాడు. "సూసావా బావా, మామ్మ కూడా నా పక్కే."

నాన్న నవ్వలేదు. "నువ్వు కూడా వస్తావమ్మా."

"నానెందుకురా?"

"నువ్వు రాకపోతే ఆ పెట్టి కొన్నా ఒకటే, కొనకపోయినా ఒకటే."

మామ్మకు పట్టుచీర కొనుక్కొచ్చాడు. జరీ అంచుది. ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. నేను అడిగితే, "అరిగిపోయిన మనిసికి ఇదేటే," అంది.

బయల్దేరిన రోజు ముందు లారీ, వెనక అద్దె కారు. లారీలో పియానో మొయ్యడానికి కొట్టు కళాసీలు, డ్రైవరు ఎల్లాజీ. కారులో నాన్న, మామ్మ, నేను. మామ్మ దారంతా కొత్త చీర కుచ్చిళ్ళు పట్టుకునే కూర్చుంది.

దివాణం గేటుకి ఒక తలుపే ఉంది. లోపల హాలు ఎంత పెద్దదంటే, సామానంతా పోయాక మా అడుగుల చప్పుడు మాకే కొత్తగా వినిపించింది. మిగిలినవి రెండు కుర్చీలు, ఒక మూల గుడ్డ కప్పిన పియానో. పెద్దమ్మగారు లక్ష్మీనరసాయమ్మగారు చేతికర్ర పట్టుకుని లోపల్నుంచి వచ్చారు. పల్చటి మనిషి, తెల్లటి చీర. "రండి, కూర్చోండి," అన్నారు.

నాన్న ఆ మాట కోసమే వచ్చినట్టు ఒక్క క్షణం ఆగాడు. తర్వాత మామ్మ భుజం పట్టుకుని కుర్చీ దగ్గరికి తీసుకెళ్ళాడు. "కూకో అమ్మా."

మామ్మ కుర్చీ పక్కన స్తంభానికి ఆనుకుని నేలమీద కూర్చుంది.

"అమ్మా, లే. కుర్చీలో కూకో."

"ఇక్కడ సల్లగా ఉన్నాదిరా."

కళాసీలు గుమ్మంలోంచి చూస్తున్నారు. నాన్న మొహం ఎర్రబడింది. పెద్దమ్మగారు కళ్ళు చికిలించి ముందుకు వంగారు.

"ఎవరూ... అసిరివి కదూ? ఎన్నేళ్ళయిందే నిన్ను చూసి! మా పెద్దాడు నీ చంక దిగేవాడు కాదు."

మామ్మ మొహం అంతలా విప్పారడం నేనెప్పుడూ చూడలేదు. "బాబుగోరు బాగున్నారా అమ్మగోరూ?"

"మద్రాసులో ఉన్నాడు. ఎప్పుడో ఒక ఉత్తరం. ఇది నీ మనవరాలా? నువ్వా అమ్మా వాయించేది? ఏదీ, ఒకసారి వాయించు. ఇది పలికి ఎన్నాళ్ళయిందో."

నేను గుడ్డ తీసి మూత ఎత్తాను. దుమ్ము. మెట్లు పసుపుబారి ఉన్నాయి. నేను చెయ్యి వేసేలోపల మామ్మ గభాలున లేచి వచ్చి, కొంగు తీసి తుడవడం మొదలుపెట్టింది. కొత్త పట్టుచీర కొంగుతో. ఒక్క మెట్టూ చప్పుడు చెయ్యకుండా, ఈ చివర్నుంచి ఆ చివరికి. ఆ చేతులకు అది అలవాటైన పని అని చూడగానే తెలిసిపోయింది.

"అమ్మా, ఆగు!" అని నాన్న అరిచాడు. హాలంతా మోగింది. మామ్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

నాన్న పెద్దమ్మగారి వైపు తిరిగాడు. గొంతు తగ్గించాలని చూశాడు గాని తగ్గలేదు.

"అమ్మగోరూ, ఈ పెట్టి కొందామనే వచ్చినాను. కొనీముందర ఒక మాట అడగాల. నా సిన్నప్పుడు మా అమ్మ ఇక్కడ పాసిపనులు సేసీది. ఒకనాడు మీ ఇంట్లో సుట్టాలున్నారు. మా అమ్మ ఎనకాల వచ్చి నేను ఈ పెట్టి మెట్టొకటి నొక్కీసినాను. దానికి మీరేటి సేసినారు? మా అమ్మ సేత సెవులు పట్టించి అందరి ముందరా గుంజీలు తీయించినారు. మీ సుట్టాలాయన ఈ పెట్టి ముందర కూకుని వాయిస్తా ఉంటే, ఆ వాయింపుకి తగ్గట్టు తియ్యమన్నారు. ఆయన జోరుగా వాయిస్తే అమ్మ జోరుగా తియ్యాల. మీరంతా నవ్వినారు. నేనా తలుపు ఎనకాల్నుంచి సూసినాను."

నేను ఆ సంగతి వినడం అదే మొదలు. మా మామ్మ రెండు చెవులూ పట్టుకుని లేస్తూ కూర్చుంటూ ఉండడం కళ్ళముందు కనబడింది. కళాసీలకూ కనబడే ఉంటుంది. ఎల్లాజీ తల దించుకున్నాడు. నేను ఎటు చూడాలో తెలియక పియానో వైపే చూస్తూ నిలబడ్డాను.

పెద్దమ్మగారు కుర్చీలో మెల్లగా కూర్చున్నారు. "గుంజీలా?" అన్నారు. చాలాసేపు ఆలోచించారు. ఆవిడ మొహంలో అబద్ధం కనిపించలేదు. "నాకు గుర్తులేదు నాయనా. ఆ రోజుల్లో ఎవరెవరో వచ్చేవారు, ఏవేవో వేళాకోళాలు... నిజంగా గుర్తులేదు. జరిగిందటే అసిరీ?"

అందరం మామ్మ వైపు చూశాం. దుమ్ము కొంగు చేతిలో నలిపేస్తోంది. నాన్న వైపు ఒకసారి చూసింది. ఆ చూపు నాకప్పుడు అర్థం కాలేదు.

"నేదమ్మగోరూ," అంది. "అలాటిదేటీ జరగనేదు. ఆడు సిన్నోడు. ఏదో కలొచ్చుంటాది."

"అమ్మా!"

"కలేరా. నడు, ఎల్దాం."

నాన్న ఖాళీ కుర్చీని పక్కకి తోశాడు. తర్వాత ఎవరినీ చూడకుండా కళాసీల మధ్యనుంచి బయటికి నడిచాడు.

పెద్దమ్మగారు కర్ర ఆనుకుని లేచారు. "పట్టికెళ్ళవే అసిరీ. నాకేమీ ఇవ్వక్కర్లేదు. పిల్ల వాయించుకుంటుంది."

"ఒద్దమ్మగోరూ," అంది మామ్మ. "దీని సప్పుడు బాగునేదు."

నేను ఇంకా ఒక్క మెట్టయినా నొక్కలేదు.

వచ్చేటప్పుడు నాన్న కారెక్కలేదు. లారీలో ఎల్లాజీ పక్కన కూర్చున్నాడు. ఖాళీ లారీ గోతుల్లో పడ్డప్పుడల్లా వెనక తాళ్ళు, గోనెలు ఎగిరెగిరి పడుతుంటే మామ్మ, నేను కారులోంచి చూస్తూ వచ్చాం.

ఆ రోజు నుంచి నాన్న తల్లితో మాట్లాడ్డం మానేశాడు. వారం తిరక్కుండా వాల్తేరు పియానో వచ్చింది. ముందు గదిలో పెట్టించాడు. పెట్టించి, చూడను కూడా చూడకుండా కొట్టులోకి వెళ్ళిపోయాడు. నేను వాయించడానికి కూర్చుంటే మామ్మ లేచి పెరటి చివరికి పోయేది. ఆ సంగతి కనిపెట్టాక నేను మూత తియ్యడం మానేశాను.

కళాసీలు ఆ సంగతి బజారుకు మోశారు. సగం మంది, గంగరాజు తల్లి చేత దివాణంలో గుంజీలు తీయించారట అనుకున్నారు. మిగతా సగం, లేనిది కల్పించి పెద్దింటావిడను నిలదీయబోతే కన్నతల్లే కాదందట అనుకున్నారు. రెండు రకాలుగానూ మాకు తల ఎత్తుకునేటట్టు లేదు. అమ్మ నీళ్ళ కుళాయి దగ్గరికి ఎండెక్కాక, ఎవరూ లేనప్పుడు వెళ్ళేది. కొట్టు దగ్గర బేరగాళ్ళు, "గంగరాజూ, రాత్రి కలేటొచ్చింది?" అని అడిగేవారు. ఒకడి మీదకి నాన్న తక్కెడ రాయి ఎత్తాడు. మావయ్య అడ్డం పడి ఆపాడు.

మామ్మ గుడికీ, సంతకీ వెళ్ళడం మానేసింది. ఆ పట్టుచీర ఉతికి, మడిచి, అమ్మ పెట్టెలో పెట్టేసింది.

తొలకరి పడింది. ఒక మధ్యాహ్నం పెరట్లో మామ్మ పక్కన చింతపండు గింజలు తీస్తూ కూర్చుని, ఆగలేక అడిగేశాను.

"నిజంగా జరగలేదా మామ్మా?"

మామ్మ గింజ ఒకటి తీసి పారేసింది.

"జరిగినాది."

"మరి లేదన్నావేం? నాన్న అందరిలో అబద్ధాలకోరు అయిపోయాడు."

"నలుగురున్నారే అక్కడ. ఆ కళాసీ కుర్రోళ్ళు నన్ను మామ్మా అని పిలుస్తారు. ఆళ్ళ ముందర నాను ఔనని సెప్పాలా? మళ్ళీ గుంజీలు తీసినట్టే కాదేటి?" అని ఆగింది. "మీ తాతకి కూడా సెప్పనేదు నాను. సచ్చిపోయీదాకా ఆయనకి తెలీదు."

"నాన్నకి తెలుసు కదా."

మామ్మ చేతులు ఆగాయి.

"అదేనే. ఆడు సూసినాడని నాకు తెలీదు. పెట్టి నొక్కీసి బయానికి తోట్లోకి పారిపోయినాడనుకున్నాను. పని అయినాక తోట్లోనే దొరికినాడు. సూడనేదు, నా కొడుకు మటుకు సూడనేదు అనుకునే ఇన్నాళ్ళు బతికినాను. ఆవేళ ఆ సావిట్లో సెప్తా ఉంటే తెలిసినాది. తలుపెనకాల ఉన్నాడంట." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇప్పుడు ఆడు నా వైపు సూస్తే నాకు అదే అవుపిస్తాదే. ఆడికీ అదే అవుపిస్తాది కదా. ఎలా సూసీది నాను?"

చింతపండు పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను. ఆమె ముందు కూర్చోవడం కూడా ఆమెను చూడడమే అనిపించింది.

ఆ సాయంత్రం కొట్టులో నాన్న ఒక్కడే నార కట్టలు సర్దుతుంటే వెళ్ళి చెప్పాను. మామ్మ అన్నదంతా చెప్పలేకపోయాను. "నువ్వు చూశావని ఇన్నాళ్ళూ మామ్మకి తెలీదంట నాన్నా. తోటలోకి వెళ్ళిపోయావనుకుందంట," అని మాత్రం అన్నాను.

నాన్న ఎత్తిన కట్ట అలాగే పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత దాన్ని మెల్లగా కిందికి దించాడు. దానిమీదే కూర్చున్నాడు. "ఎల్లు," అన్నాడు. నేను వెళ్ళలేదు. ఆయన మళ్ళీ అనలేదు.

దీపాలు పెట్టేవేళ పెరట్లోకి వచ్చాడు. మామ్మ తులసికోట పక్కన కూర్చుని ఉంది. నేను వంటింటి గుమ్మంలో ఉన్నాను. నాన్న ఆమెకు కొంచెం దూరంలో, ఆమెకు ఎదురుగా కాకుండా గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"అమ్మా."

ఆమె కొంగు సర్దుకుంది.

"నేను ఆవేళ సూడనేదే."

మామ్మ తల తిప్పింది.

"నొక్కీసి తోట్లోకి పారిపోయినాను. అక్కడే పడి నిద్దరోయినాను. తరవాత్తరవాత వంటోళ్ళెవరో అనుకుంతుంటే ఇన్నాను. ఆ కోపంలో, సూసినట్టు సెప్పీసినాను."

"తలుపెనకాల అన్నావు?"

"ఏదో అన్నాను. నేనక్కడ లేనే లేను."

చీకటి పడుతోంది. నాన్న గోడనే చూస్తున్నాడు. మామ్మ ఆయన్ని చూసింది, చాలారోజుల తర్వాత, తల నుంచి పాదాల దాకా.

"మరే," అంది చివరికి. "నిద్దరోయావు. భుజానేసుకుని తెచ్చినాను. ఇల్లొచ్చీదాకా లెగనేదు నువ్వు."

"ఔను. లెగనేదు."

"నడు. అన్నం తిందువుగాని."

మర్నాడు కొట్టు దగ్గర మళ్ళీ అదే బేరగాడు, నలుగురు రైతుల ముందు, "గంగరాజూ, ఆ దివాణం సంగతి కలేనా, నిజమేనా? ఇంతకీ తేల్చనేదు," అన్నాడు. నేను లోపలి గుమ్మంలో ఉన్నాను. మావయ్య తక్కెడ రాయి దగ్గరికి జరిగాడు.

నాన్న తక్కెడ చూస్తున్నవాడల్లా తలెత్తాడు. మొహం, మెడ, చెవులు ఎర్రబడిపోయాయి.

"కలే," అన్నాడు. "సిన్నప్పటి కల. ముసల్దాన్ని అంత దూరం తీసుకెళ్ళి అల్లరి పాలైనాను."

అందరూ పగలబడి నవ్వారు. నాన్న కూడా వాళ్ళతో కలిసి నవ్వి, "కలేనండి బాబూ, కలే!" అని ఇంకోసారి, వెనక వంటింట్లో ఉన్న మామ్మకి వినబడేటంత గట్టిగా అన్నాడు.